పాత కారులో ఆరని చెక్ ఇంజన్ లైటు: లోపం కనిపెట్టే పద్ధతులు

చెక్ ఇంజన్ లైటు అంటే కారు డ్యాష్‌బోర్డులో ఇంజన్ బొమ్మ ఆకారంలో, పసుపు రంగులో వెలిగే హెచ్చరిక దీపం. ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌ను మెకానిక్కులు ఈసీఎం అంటారు. సైలెన్సర్ నుంచి వచ్చే పొగలో కాలుష్యం పెరగడానికి దారితీసే లోపం ఏదైనా పట్టుబడితే ఈసీఎం ఈ లైటు వెలిగించి, ఆ లోపానికి ఒక నంబరు కేటాయించి తన మెమరీలో దాచుకుంటుంది. ఆయిల్ ప్రెషర్ లైటులా, టెంపరేచర్ లైటులా ఇది బండిని ఉన్నపళంగా ఆపమనే ఎర్ర దీపం కాదు. బండి నడుస్తుంది, చాలాసార్లు బాగానే నడుస్తుంది. అందుకే నెలల తరబడి లైటు వెలుగుతున్నా పట్టించుకోకుండా తిరిగేవాళ్లు ఎక్కువ.

హనుమాన్ జంక్షన్ దగ్గర చెన్నై–కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారిని నూజివీడు, గుడివాడ రోడ్లు కలుస్తాయి. జంక్షన్ చుట్టుపక్కల ఊళ్లలో పదీ పదిహేనేళ్ల నాటి ఆల్టోలు, వ్యాగన్-ఆర్‌లు, శాంత్రోలు, ఇండికాలు, డిజైర్‌లు ఇంకా రోజువారీ పనుల్లోనే ఉన్నాయి. చిన్న పనులు రోడ్డు పక్క షెడ్డులో అయిపోతాయి. పెద్ద పనికి, సెకండ్ హ్యాండ్ సామానుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని విజయవాడ జవహర్ ఆటోనగర్‌కు వెళతారు. 1960ల దశకంలో లారీల బాడీ బిల్డింగుతో, రిపేర్లతో ఎదిగిన ఆ పేటలో ఇప్పుడు స్కానర్ లేని ఎలక్ట్రీషియన్ షాపు అరుదు. జంక్షన్ పక్కనే మల్లవల్లి పారిశ్రామిక పార్కులో 2025 మార్చిలో అశోక్ లేలాండ్ బస్సుల ఫ్యాక్టరీ కూడా మొదలైంది. మోటారు పని ఈ ప్రాంతానికి కొత్తది కాదు. అయినా చెక్ ఇంజన్ లైటు విషయంలో ఒక ఖరీదైన అలవాటు ఇక్కడ కూడా పాతుకుపోయింది: స్కానర్ ఏ పార్టు పేరు చూపిస్తే ఆ పార్టు మార్చేయడం. లైటు మళ్లీ మళ్లీ రావడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఈ అలవాటే.

లైటు ఎలా వచ్చింది

బండి తన పొగను తానే కనిపెట్టుకోవాలన్న నిబంధన కాలిఫోర్నియాలో పుట్టింది. లాస్ ఏంజెలెస్ పొగమంచు బాధ తట్టుకోలేక ఆ రాష్ట్ర వాయు వనరుల బోర్డు 1988 మోడళ్ల నుంచి ఓబీడీ అనే స్వీయ పరీక్ష ఏర్పాటును తప్పనిసరి చేసింది. 1996 నుంచి అమెరికా మొత్తానికి ఓబీడీ-2 వచ్చింది. ఏ కంపెనీ కారైనా ఒకే ఆకారపు 16 పిన్నుల సాకెట్, ఒకే రకం కోడ్‌లు ఉండాలన్నది దాని సారం. యూరప్ పెట్రోల్ కార్లకు 2001లో దీన్ని అమలు చేసింది.

మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి అంతటా సీసం లేని పెట్రోల్ వచ్చాకే పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్లున్న కార్లు ఊరూరా తిరగగలిగాయి. సీసం తగిలితే కన్వర్టర్ పనికిరాకుండా పోతుంది. బీఎస్-4 (భారత్ స్టేజ్-4) కాలుష్య ప్రమాణాలు 2010 ఏప్రిల్ 1న హైదరాబాద్ సహా 13 నగరాల్లో మొదలయ్యాయి. వాటితో పాటు ఓబీడీ-1, మూడేళ్ల తరవాత 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 అమలయ్యాయి. ఆ 13 నగరాల జాబితాలో విజయవాడ లేదు. దేశమంతటికీ బీఎస్-4 వచ్చిన 2017 ఏప్రిల్ 1 దాకా కృష్ణా జిల్లాలో బీఎస్-3 బండ్లు అమ్ముకునే వీలుండేది. అందువల్ల ఒకే ఏడాది తయారైన ఒకే మోడల్ అయినా హైదరాబాద్‌లో రిజిస్టరైన కారు, కృష్ణా జిల్లా ఏపీ 16 నంబరు కారు లోపల వేరువేరుగా ఉండే అవకాశం ఉంది. సెకండ్ హ్యాండ్‌లో హైదరాబాద్ నుంచి కారు తెచ్చుకున్నవారు ఈ తేడా తెలుసుకోవాలి.

తేడా ఎక్కడంటే, మన ఓబీడీ-1 ప్రధానంగా వైర్లు తెగాయా, షార్ట్ అయ్యాయా, సెన్సార్ల రీడింగులు హద్దు దాటాయా అనే చూస్తుంది. కన్వర్టర్ సరిగా పనిచేస్తోందా, సిలిండర్లలో మిస్సింగ్ (పెట్రోల్ మండకపోవడం) ఉందా అని లెక్కగట్టి చూడటం ఓబీడీ-2తో వచ్చింది. కన్వర్టర్ వెనక రెండో ఆక్సిజన్ సెన్సార్ లేని కారులో కన్వర్టర్ చచ్చిపోయినా లైటు వెలగదు. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోన్లో చెప్పే ‘పెట్రోల్ మూత బిగించి చూడండి’ అన్న సలహా కూడా ఇక్కడి పాత కార్లకు పెద్దగా పనికిరాదు. ట్యాంకులోంచి ఆవిరి లీకవుతోందా అని పరీక్షించే ఏర్పాటు అక్కడి కార్లకు తప్పనిసరి. మన పాత కార్లలో అది సాధారణంగా ఉండదు.

నిలకడగా వెలగడం, మినుకుమినుకుమనడం

ఇంజన్ నడుస్తుండగా లైటు నిలకడగా వెలిగితే పని తొందరేమీ లేదు, వారం లోపల చూపించుకోవచ్చు. ఆగి ఆగి మినుకుమినుకుమంటే మాత్రం ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోల్ మండకుండా సైలెన్సర్‌లోకి పోతోందని అర్థం. ఆ పెట్రోల్ కన్వర్టర్‌లో మండి, లోపల పింగాణీ తేనెపట్టు కరిగేంత వేడి పుట్టిస్తుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన ఆ తేనెపట్టు ఖరీదు ప్లగ్గులకన్నా, కాయిల్‌కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అలాంటప్పుడు యాక్సిలరేటర్ వదిలి నెమ్మదిగా దగ్గరలోని షెడ్డుకు చేర్చాలి. వీలైతే అక్కడే ఆపేయడం ఇంకా మేలు.

చాలా లోపాలకు ఈసీఎం ఒక్కసారికే లైటు వెలిగించదు. మొదటిసారి కనిపించిన లోపాన్ని పెండింగ్ కోడ్‌గా రాసుకుంటుంది. మరో ప్రయాణంలోనూ అదే కనిపిస్తే అప్పుడు వెలిగిస్తుంది. లోపం పోయాక కూడా ఓబీడీ-2 కారులో సాధారణంగా వరుసగా మూడు ప్రయాణాలు సవ్యంగా సాగితేనే లైటు ఆరుతుంది. కోడ్ మెమరీలోంచి చెరిగిపోవడానికి ఇంజన్ చల్లబడి మళ్లీ వేడెక్కడం 40 సార్లు జరగాలి. రిపేరు చేయించిన సాయంత్రమే లైటు ఆరలేదని మెకానిక్కుతో గొడవ పడేవారికి ఈ లెక్క తెలియాలి. కోడ్ కొట్టేసి పంపితే రెండు రోజులకే మళ్లీ ఎందుకొచ్చిందో కూడా ఈ లెక్కే చెబుతుంది.

స్కానర్ చెప్పేది, చెప్పనిది

16 పిన్నుల సాకెట్ స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర ఉంటుంది. కంపెనీ స్కానర్లు, ఆటోనగర్‌లో వాడే అన్ని కంపెనీల స్కానర్లు కాక, ఈఎల్ఎం327 అనే చిప్‌తో పనిచేసే చిన్న బ్లూటూత్ పరికరం ఫోన్‌కు కలుపుకొని కారు యజమాని కూడా కోడ్ చదువుకోవచ్చు. ఆ చిప్‌కు నకళ్లు విపరీతంగా ఉన్నాయి. వాటిలో కొన్ని పాత కార్ల కె-లైన్ భాషను సరిగా అందుకోలేవు. ఫోన్‌లో ‘కనెక్ట్ కాలేదు’ అని వస్తే లోపం కారులోనే ఉందనుకోనక్కర్లేదు. ఓబీడీకి ముందుతరం ఎంపీఎఫ్‌ఐ కార్లలో కొన్నిటికి స్కానర్‌తో పని లేదు. డయాగ్నసిస్ కప్లర్‌లో మాన్యువల్ చెప్పిన రెండు పిన్నులను ముక్క వైరుతో కలిపితే లైటే కొన్నిసార్లు వెలిగి ఆరుతూ కోడ్ చెబుతుంది.

పి అక్షరంతో మొదలయ్యే కోడ్‌లు ఇంజన్, గేర్‌బాక్సులకు చెందినవి. పి తరవాత సున్నా ఉంటే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం, ఒకటి ఉంటే ఆ కంపెనీ సొంత కోడ్. పి0300 అంటే ఏ సిలిండర్ అని తేలని మిస్సింగ్, పి0301 నుంచి పి0304 వరకు ఒక్కో సిలిండర్ మిస్సింగ్. పి0171 అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తగ్గడం, పి0172 దాని తలకిందులు. పి0335 క్రాంక్ సెన్సార్ సర్క్యూట్, పి0420 కన్వర్టర్ సామర్థ్యం తగ్గడం.

ఈ వాక్యాల్లో ఏదీ ‘ఫలానా పార్టు పోయింది’ అనడం లేదు. పి0171 వచ్చిందంటే ఆక్సిజన్ సెన్సార్ పొగలో గాలి ఎక్కువుందని చెబుతోంది. చాలాసార్లు అది నిజమే చెబుతుంది. శివారు పొలానికి నీరందకపోతే లోపం శివారులో ఉండదు, పైన తూములోనో గట్టుకు పడ్డ గండిలోనో ఉంటుందని కృష్ణా డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆక్సిజన్ సెన్సార్ ఆ శివారు పొలం లాంటిది. దాన్ని మార్చి పంపితే కొత్త సెన్సార్ కూడా అదే నిజం చెబుతుంది, లైటు మళ్లీ వెలుగుతుంది.

కోడ్‌కన్నా విలువైనది దానితో పాటు నిలిచే ఫ్రీజ్ ఫ్రేమ్. కోడ్ పడిన క్షణాన ఇంజన్ ఎంత వేడిగా ఉంది, ఎన్ని ఆర్‌పీఎమ్‌లో తిరుగుతోంది, బండి వేగమెంత అన్నవన్నీ అందులో ఉంటాయి. హైవే మీద 80 వేగంలో పడిన కోడ్‌ను షెడ్డులో ఐడ్లింగ్ పెట్టి వెతికితే దొరకదు. కోడ్ కొట్టేస్తే ఈ సమాచారం కూడా చెరిగిపోతుంది. బ్యాటరీ టెర్మినల్ ఊడదీసినా అంతే. కాబట్టి ముందు అన్నీ రాసుకోవాలి, లేదా ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి.

కోడ్ నుంచి కారణానికి

పెట్రోల్ కారులో మొదట చూడాల్సిన లైవ్ డేటా ఫ్యూయల్ ట్రిమ్. ఈసీఎం తన లెక్క ప్రకారం పోసే పెట్రోల్‌కు ఎంత శాతం కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో ఇది చెబుతుంది. అప్పటికప్పుడు మారే షార్ట్ టర్మ్ ట్రిమ్, నెమ్మదిగా స్థిరపడే లాంగ్ టర్మ్ ట్రిమ్ రెండూ కలిపి పది శాతం లోపల అటూ ఇటూ ఉంటే కంగారు లేదు. ఐడ్లింగ్‌లో 20 శాతం దాటి, యాక్సిలరేటర్ తొక్కి 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర ఉంచినప్పుడు ఐదుకు పడిపోతే ఎక్కడో లెక్కలోకి రాని గాలి దూరుతోంది: చీలిన వాక్యూమ్ హోసు, ఎండిపోయిన ఇన్‌టేక్ గ్యాస్కెట్, బ్రేక్ బూస్టర్ గొట్టం. ఐడ్లింగ్‌లో బాగుండి, లోడు పడేకొద్దీ ట్రిమ్ పెరుగుతూ పోతే పెట్రోల్ పంపు నీరసపడింది, లేదా ఫిల్టరో ఇంజెక్టర్లో మూసుకుపోయాయి. పంపు విషయం ప్రెషర్ గేజి పెట్టి తేల్చుకోవాలి. చాలా కార్లలో అది 3 బార్ చుట్టుపక్కల ఉండాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గాలిని నేరుగా కొలిచే సెన్సార్ ఉన్న కార్లకు పై లెక్క చక్కగా సరిపోతుంది. మన చిన్న పెట్రోల్ కార్లలో ఎక్కువ వాటికి ఉండేది మ్యాప్ సెన్సార్. అది మానిఫోల్డ్‌లో ఒత్తిడి చూసి గాలిని లెక్కగడుతుంది. లీకు ద్వారా దూరిన గాలి కూడా ఆ ఒత్తిడిలో కనిపిస్తుంది కాబట్టి ఈసీఎం దానికి తగ్గ పెట్రోల్ పోసేస్తుంది. ఫలితంగా పి0171 రాకుండా ఐడ్లింగ్ పెరిగి కూర్చుంటుంది. అలాంటి కారులో పి0171 వస్తే గాలి లీకుకన్నా ముందు పెట్రోల్ ప్రెషర్‌ను, ఆక్సిజన్ సెన్సార్‌కు ముందు సైలెన్సర్ పైపు పగులును చూడటం మంచిది. పగులులోంచి బయటిగాలి లోపలికి దూరి సెన్సార్‌ను మోసం చేస్తుంది.

మిస్సింగ్ కోడ్‌ను రూపాయి ఖర్చు లేకుండా పరీక్షించవచ్చు. పి0303 వచ్చిందనుకుందాం. మూడో సిలిండర్ కాయిల్ తీసి ఒకటో దానికి, ఒకటోది మూడోదానికి మార్చి నడపాలి. కోడ్ పి0301గా మారితే కాయిల్ పోయినట్టే. మారకపోతే ప్లగ్గును అలాగే మార్చి చూడాలి. అదీ కాకపోతే ఇంజెక్టర్, చివరికి కంప్రెషన్. ప్లగ్ కేబుళ్లున్న కారైతే చీకట్లో బానెట్ తెరిచి స్ప్రే సీసాతో సన్నగా నీళ్లు చల్లితే లీకయ్యే కేబుల్ చుట్టూ నీలిరంగు నిప్పురవ్వలు కనిపిస్తాయి. ఇంజన్ తిరుగుతుండగా కేబుళ్లను చేత్తో ముట్టుకోకూడదు.

పి0420 చూడగానే కన్వర్టర్ మార్చమనేవారు ఉంటారు. మిస్సింగ్, సైలెన్సర్ లీకు, ఆయిల్ తాగడం ఈ మూడూ లేవని తేలాకే ఆ మాట అనాలి. కారణం సరిచేయకుండా కొత్త కన్వర్టర్ వేస్తే అదీ పోతుంది. కన్వర్టర్ లోపలి తేనెపట్టు పగలగొట్టి ఖాళీ డబ్బా బిగించడం మరీ పొరపాటు. ఓబీడీ-2 కారులో అలా చేస్తే లైటు ఇక ఆరనే ఆరదు, ఊరి గాలికి విషం తోడవుతుంది.

క్రాంక్ సెన్సార్ కొన్నిసార్లు వేడికి మాత్రమే మొరాయిస్తుంది. మే నెల ఎండలో గన్నవరం దాటాక ఇంజన్ ఆగిపోతుంది, అరగంట నీడలో పెడితే స్టార్ట్ అవుతుంది. ఆగిన వెంటనే సెన్సార్ మీద తడిగుడ్డ వేసి చల్లార్చగానే స్టార్ట్ అయితే దోషి దాదాపు దొరికినట్టే.

ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు కోడ్‌లు ఒక్కసారిగా వస్తే అన్ని సెన్సార్లూ ఒకే రోజు పోయాయని నమ్మకూడదు. ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ చూడాలి. ఇంజన్ తిరుగుతుండగా 13.8 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. తరవాత ఎర్త్. మల్టీమీటర్ నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర ప్రోబ్ ఇంజన్ బ్లాకు మీద ఆనించి సెల్ఫ్ కొట్టించాలి. మీటరు 0.3 వోల్టులు దాటి చూపిస్తే ఎర్త్ స్ట్రాప్ తుప్పు పట్టింది. పది నిమిషాల్లో గీకి బిగించే పని అది. అదీ బాగుంటే, సెన్సార్లన్నిటికీ ఈసీఎం ఉమ్మడిగా పంపే 5 వోల్టుల సరఫరా చూడాలి. ఒక్క సెన్సార్ లోపల షార్ట్ అయినా మిగతావన్నీ పడిపోతాయి. మీటరు చూస్తూ ఒక్కో కప్లర్ ఊడదీస్తే, ఏది తీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వచ్చాయో అదే తప్పు చేసిన సెన్సార్.

డెల్టా కార్ల సొంత జబ్బులు

డెల్టా గాలిలో తేమ ఎక్కువ. బందరు వైపు ఉప్పుగాలి కూడా తోడవుతుంది. కప్లర్ల లోపల రాగి పిన్నులకు పచ్చగా చిలుం పడుతుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు మునిగిన బండ్లకు ఈ బాధ మరీ ఎక్కువ. ఆయిల్ మార్చి, సీట్లు ఎండబెట్టి నడిపిస్తున్న కారు పైకి బాగానే ఉంటుంది. కార్పెట్ కింద వైరింగులో మాత్రం తేమ కేశనాళికల్లో పాకినట్టు వైరు వెంట పాకి, నెలల తరవాత కోడ్ రూపంలో బయటపడుతుంది. కప్లర్ తీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరబెట్టి, పిన్ను వదులైతే బిగించడం దీనికి మందు. కోడ్ ఉన్నట్టుండి వచ్చిపోతుంటే ఇంజన్ ఐడ్లింగ్‌లో పెట్టి, లైవ్ డేటా చూస్తూ వైరింగును జానా జానా కదిపితే లూజ్ కాంటాక్ట్ ఉన్నచోట రీడింగ్ ఎగిరిపడుతుంది.

వరి ఊళ్లలో ఇంటి ముందు నిలిపిన కారు బానెట్ కింద ఎలుకలు గూడు కట్టుకోవడం మామూలే. ఇంజన్ మీద తవుడు, వరిపొట్టు, చింపిన గుడ్డపీలికలు కనిపిస్తే ఏ సెన్సార్ కొనేముందైనా వైరింగు వెంట పళ్లగాట్లు వెతకాలి. కొరికిన వైరుకు టేపు చుట్టి వదలకూడదు, సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవు వేయించుకోవాలి.

‘మన ఎండలకు ఎందుకు’ అని థర్మోస్టాట్ వాల్వ్ తీసి పారేయడం ఇంకో అలవాటు. అప్పుడు హైవే మీద ఇంజన్ తగినంత వేడెక్కదు. ఈసీఎం ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకొని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, కొన్ని కార్లలో పి0128 వస్తుంది. టెంపరేచర్ సెన్సార్ మార్చినా పోదు, వాల్వ్ తిరిగి బిగిస్తేనే పోతుంది. రేడియేటర్‌లో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోయడం దీనికి తోడు. తీరం వైపు బోర్లలో ఉప్పు శాతం ఎక్కువ కాబట్టి అది అల్యూమినియాన్ని తొందరగా తినేస్తుంది.

బయట బిగించిన సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లు పెద్ద తలనొప్పి. గ్యాస్ మీద నడిచేటప్పుడు పెట్రోల్ ఇంజెక్టర్లు పనిచేస్తున్నట్టు ఈసీఎంకు భ్రమ కల్పించే ఎమ్యులేటర్ సరిగా ట్యూన్ కాకపోతే ట్రిమ్ కోడ్‌లు, మిస్సింగ్ కోడ్‌లు వస్తూనే ఉంటాయి. లైటు వెలిగితే ముందు రెండు రోజులు పెట్రోల్ మీదే నడిపి చూడాలి. అప్పుడు ట్రిమ్‌లు సర్దుకుంటే లోపం కిట్‌లో ఉంది.

బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వచ్చాక ఇంకో విషయం కలిసింది. మామూలు పెట్రోల్ ఒక కిలో మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలే చాలు. ఇథనాల్ లేని పెట్రోల్ లెక్కతో తయారైన ఈసీఎం అదే గాలికి ఏడెనిమిది శాతం ఎక్కువ ఇంధనం పోయాల్సి వస్తుంది. ఆ సర్దుబాటు ఈసీఎం చేసుకోగలదు. అప్పటికే కొద్దిపాటి లీకుతోనో నీరసపడ్డ పంపుతోనో నెట్టుకొస్తున్న పాత కారు మాత్రం ఈ అదనపు భారంతో హద్దు దాటి పి0171 చూపించవచ్చు. రబ్బరు గొట్టాలు పాతవైతే పగుళ్లు వెతికి మార్పించుకోవాలి.

డీజిల్ కార్లు

స్విఫ్ట్, డిజైర్, ఇండికా విస్టా లాంటి కార్లలో వచ్చిన ఫియట్ 1,248 సీసీ డీజిల్ ఇంజన్ ఈ ప్రాంతపు టాక్సీల్లో చాలాకాలం రాజ్యమేలింది. మారుతి 2020 ఏప్రిల్‌తో డీజిల్ కార్లు ఆపేసింది కాబట్టి ఇప్పుడున్నవన్నీ పాతవే. వీటిలో తరచుగా కనిపించేవి పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మసి పట్టి ఇరుక్కోవడం, టర్బో హోసు పగులు, రైల్ ప్రెషర్ చాలడం లేదనే పి0087. ఈ చివరి కోడ్‌కు వేలకు వేలు పోసి హై ప్రెషర్ పంపు దించేముందు డీజిల్ ఫిల్టర్ మార్చి, అందులో నీళ్లు చేరాయేమో చూడాలి.

కోడ్ కొట్టేయడం, సెకండ్ హ్యాండ్ కొనడం

రిపేరు నిజంగా కుదిరిందని రుజువు చేసేది లైటు ఆరడం కాదు, ఈసీఎం తన పరీక్షలను మళ్లీ పూర్తి చేసుకోవడం. స్కానర్‌లో వీటిని రెడీనెస్ మానిటర్లంటారు. కోడ్ కొట్టేయగానే అవన్నీ ‘పూర్తి కాలేదు’ అని మారతాయి. రాత్రంతా నిలిపిన కారును తెల్లవారి స్టార్ట్ చేసి, రెండు మూడు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి, హైవే ఎక్కి ఓ పదిహేను నిమిషాలు నిలకడగా 70–80 వేగంలో నడిపి, మధ్యమధ్య యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి బండిని దానంతట అది నెమ్మదించనివ్వాలి. జంక్షన్ నుంచి విజయవాడ వైపు రోడ్డు ఇందుకు బాగా పనికొస్తుంది. ఊళ్లో సందుల్లో పది రోజులు తిరిగినా ఈ పరీక్షలు పూర్తి కాకపోవచ్చు.

మన దేశంలో పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేవారు సైలెన్సర్‌లో గొట్టం పెట్టి చూస్తారే తప్ప ఈసీఎంను అడగరు. బీఎస్-4 పెట్రోల్ కారుకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం లోపల ఉంటే సర్టిఫికెట్ వచ్చేస్తుంది, లైటు వెలుగుతున్నా సరే. అమెరికాలో పొగ పరీక్ష ఉన్న ప్రాంతాల్లో అలా కుదరదు. డాలస్ చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ కొరోలా కొన్న తెలుగు విద్యార్థికి లైటు వెలుగుతుంటే కారు పొగ పరీక్ష పాస్ కాదు, రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆగిపోతుంది.

ఇక్కడ సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు రెండు పనులు చేయాలి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పినప్పుడు చెక్ ఇంజన్ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. తాళం తిప్పినా వెలగకపోతే బల్బు తీసేశారేమో అనుమానించాలి. ఆయిల్ లైటుతో పాటు ఒకే క్షణంలో ఆరిపోతుంటే దాని వైరును ఇంకోదానికి కలిపారేమో చూపించుకోవాలి. తరవాత స్కానర్ పెట్టి ‘కోడ్‌లు కొట్టేశాక నడిచిన దూరం’ చూడాలి. ఓబీడీ-2 కార్లలో చాలావాటికి ఈ లెక్క ఉంటుంది. అమ్మేవారు ఏడాదిగా ఏ రిపేరూ లేదంటుంటే అక్కడ 12 కిలోమీటర్లు అని కనిపించి, మానిటర్లన్నీ అసంపూర్తిగా ఉంటే, ఆ కారును గుడివాడ దాకా వెళ్లి తిరిగొచ్చేలా నడిపి మళ్లీ స్కానర్ పెట్టాకే బేరం మొదలుపెట్టాలి.